వెడ్జ్ మీద దిమ్మె: ఒకే లెక్కతో వారం రోజులు

పోటీ పరీక్షకు భౌతికశాస్త్రం చదివే రోజుల్లో, ఆ రోజు ఎన్ని లెక్కలు చేశానో నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకునేదాన్ని. 40 దాటిన రోజున తృప్తిగా నిద్రపట్టేది. అయినా మాదిరి పరీక్షలో యాంత్రికశాస్త్రం ప్రశ్న కాస్త మెలిక తిరిగిందంటే కలం ఆగిపోయేది. ఆ లోపం ఎక్కడుందో నాకు ఒకే ఒక్క లెక్క చూపించింది.

నునుపైన నేల మీద అటూ ఇటూ జరగగల వెడ్జ్, అంటే ఒక వైపు వాలుగా ఉండే చీల లాంటి దిమ్మ, ఒకటి ఉంది. దాని వాలు మీద ఒక దిమ్మె ఘర్షణ లేకుండా జారుతోంది. అభిలంబ బలం, అంటే వాలు తలం తనకు లంబంగా దిమ్మెను నెట్టే బలం, ఎంత? దిమ్మె భారాన్ని వాలు కోణపు కొసైన్‌తో గుణించి, ఆలోచించకుండానే రాసేశాను. వెడ్జ్ కదలకుండా ఉన్నప్పుడే ఆ సూత్రం నిజమవుతుంది. ఇక్కడ దిమ్మె నొక్కుతున్న కొద్దీ వెడ్జ్ వెనక్కి జరుగుతుంది, వాలు తలం దిమ్మె కింద నుంచి తప్పుకుంటూ ఉంటుంది, అందువల్ల ఆ నొక్కుడు తగ్గుతుంది. దిమ్మెకూ వెడ్జ్‌కూ వేర్వేరుగా స్వేచ్ఛా వస్తు పటాలు (ఒక్కో వస్తువు మీద పనిచేసే బలాలన్నీ చూపే బొమ్మలు) గీసి, వెడ్జ్ మీద నిలబడి చూసేవారికి దిమ్మె వాలు వెంబడి మాత్రమే కదులుతుందన్న నిబంధనను సమీకరణంగా రాసినప్పుడు, రెండింటి ద్రవ్యరాశులు సమానమై కోణం 30 డిగ్రీలైతే, అసలు అభిలంబ బలం నేను రాసినదానిలో 4/5 వంతు మాత్రమేనని తేలింది. కోణం 45 డిగ్రీలైతే అది 2/3 వంతే.

జవాబు సరిపోయాక కూడా ఆ లెక్కను నేను వదలలేదు. నాకు నిజంగా చదువు వచ్చింది ఆ తరువాతే. వెడ్జ్ ద్రవ్యరాశిని అంతులేనంతగా పెంచితే పాత సూత్రమే తిరిగి వచ్చింది. సున్నాకు తగ్గిస్తే అభిలంబ బలం మాయమై, దిమ్మె స్వేచ్ఛగా కింద పడింది. దిమ్మె దిగే వైపుకే వెడ్జ్‌ను గురుత్వ త్వరణానికి వాలు కోణపు టాంజెంట్ రెట్లు త్వరణంతో తోస్తే, దిమ్మె వాలు మీద జారకుండా నిలిచిపోతుంది. అప్పుడు అభిలంబ బలం దిమ్మె భారాన్నే మించిపోతుంది. ఒకే బొమ్మలో ఒకే బలం సున్నా నుంచి భారాన్ని దాటేదాకా మారడం చూశాక, సూత్రాన్ని గుర్తు తెచ్చుకుని రాసే అలవాటు నాకు పూర్తిగా పోయింది.

ఘర్షణ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. జారకుండా దొర్లే వస్తువు మీద పనిచేసేది స్థైతిక ఘర్షణ, అంటే తాకే చోట జారుడు లేనప్పుడు ఉండే ఘర్షణ. దాని విలువను ఘర్షణ గుణకంతో ముందుగా నిర్ణయించలేము, చలన సమీకరణాలే దాన్ని చెప్పాలి. స్థిరమైన వాలు మీద దొర్లే ఘన గోళపు త్వరణం, ఘర్షణ లేకుండా జారే దిమ్మె త్వరణంలో 5/7 వంతు, వలయానిది సగం. వాటి వ్యాసార్థంతో గానీ ద్రవ్యరాశితో గానీ ఈ భిన్నాలకు సంబంధం లేదు, ద్రవ్యరాశి ఎలా పరుచుకుందన్నదే లెక్క. తయారవుతున్నవారు ఈ రెండు విలువలను బట్టీపట్టకుండా ఒక్కసారైనా స్వయంగా రాబట్టాలని నా గట్టి నమ్మకం.

ఈ వారం అదే వెడ్జ్ మీద దిమ్మెకు బదులు జారకుండా దొర్లే ఘన గోళాన్ని పెట్టాను. సమీకరణాలు మూడు పేజీలు నడిచాయి, ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర రెండుసార్లు తప్పాను. గోళపు త్వరణానికి చివరకు వచ్చే బీజీయ సమాసం ఎంత పొడవుగా ఉన్నా, వెడ్జ్ ద్రవ్యరాశిని అంతులేనంతగా పెంచినప్పుడు అందులోంచి ఆ 5/7 బయటపడాలి.