రేవు మారిన తీరం: యానాం, కోరంగి, కాకినాడ

కాకినాడ చరిత్ర కాకినాడలో మొదలవదు. అందుకే రామచంద్రపురంలో ఉండే మా బావ బండి మీద ముందు కిందికి, యానాం వెళ్ళి, అక్కణ్ణించి తీరం పట్టుకుని పైకి వచ్చాం. ఎవరైనా వెళ్తే ఇదే వరసలో వెళ్ళమంటాను.

యానాంలో ఈఫిల్ టవర్ నమూనా మీద నాకు పెద్ద మోజు కలగలేదు. మీసాల వెంకన్న గుడి నయం. స్వామికి మీసాలు చూసి పిల్లలు మురిసిపోతారు. 1723లో వచ్చిన ఫ్రెంచివాళ్ళ పాలన 1954 దాకా సాగింది. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చాక చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్ళవాళ్ళు బాల్యవివాహాలు చెయ్యడానికి గౌతమి ఒడ్డున ఉన్న ఈ ఊరికే వచ్చేవారు. కళ్యాణపురం అనే పేరు అలా వచ్చిందే. తలుచుకుంటే నవ్వొచ్చే విషయం కాదు.

తాళ్ళరేవులో కాలవగట్టు మీద సగం కట్టిన చెక్క పడవ ఒకటి కనబడితే బండి ఆపాం. పక్కటెముకల్లా వంగిన వాసాలు, వాటికి పలకలు. ఓ పెద్దాయన పలకల సందుల్లో దూది పెట్టి, ఉలి ఆనించి సుత్తితో కొట్టి కూరుతున్నాడు.

"బాబాయ్, ఎప్పటికి నీళ్ళలోకి దిగుద్ది?" అన్నాడు బావ.

"ఆయ్, డబ్బులు అందితే సంక్రాంతికండి."

ఈ పనితనానికి ఒకప్పుడు పుట్టిల్లు కోరంగి. పెద్ద ఓడలు కట్టిన రేవు, రంగూన్ వెళ్ళే కూలీలు ఓడ ఎక్కిన రేవు. 1789లో ఓ ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి ఊరిని ఊడ్చేశాయి. మిగిలిన పని గోదారి చేసింది. ఏటా తెచ్చి పోసిన ఒండ్రుతో ఓడలు రాలేనంతగా రేవు పూడిపోయింది. ఇప్పుడక్కడ చూడగలిగేది మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్ళు, వాటి మధ్య గెంతే చిన్న చేపలు. తిల్ల చెట్టు దగ్గర బావ నా చెయ్యి వెనక్కి లాగాడు. దాని పాలు కంట్లో పడితే అంతే సంగతులట. 1996 తుపానులో కొబ్బరితోటలు పడిపోవడం కళ్ళారా చూసినవాడు కాబట్టి, ఈ అడవి జోలికొచ్చేవాళ్ళంటే మావాడికి మా చెడ్డ కోపం.

కోరంగిని ముంచిన ఆ ఒండ్రే కాకినాడకి గోడ కట్టింది. సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడుగున మేట వేసిన ఇసక తిన్నె హోప్ ఐలాండ్, బయటి అలల్ని ఆపుతుంది. దాని చాటున రేవు నిబ్బరంగా ఉంటుంది. గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు పడవ వెయ్యలేదు. ఒడ్డునుంచే సన్నటి గీతలా చూసి వచ్చాం.

ఊళ్ళో తప్పక చూడాల్సింది ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం. జయంతి రామయ్య పంతులు గారి పూనికతో 1911లో మద్రాసులో పుట్టిన పరిషత్తు తర్వాత ఇక్కడికి చేరింది. పిఠాపురం రాజావారి అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువు పని జరిగింది దీని చేతుల మీదుగానే. తాటాకు గ్రంథాల దగ్గర నేను ఎంతసేపు నిలబడ్డానో బావకే తెలియాలి. గంటంతో గీసిన గీతలో మసి పట్టి అక్షరం తేలుతుంది. ఆకు చిరక్కుండా అక్షరాలన్నీ గుండ్రంగా తిప్పిన చెయ్యి ఎవరిదో! తాడు దూర్చే కన్నం వచ్చినచోట వరస ఆగి, దాన్ని దాటి మళ్ళీ మొదలవుతుంది.

1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే. అప్పుడే ఖాదీ ప్రదర్శన గుమ్మంలో టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేసింది వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. మా అమ్మాయికి ఈ కథ ఫోన్లో చెబితే "మరి టిక్కెట్టు కొన్నాడా?" అనడిగింది. కొనిచ్చాకే లోపలికి వదిలిందట.

చివరికి కాకినాడలోనే ఉన్న జగన్నాథపురం. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పేదాకా అక్కడ డచ్చివాళ్ళ వర్తకం నడిచింది, ముఖ్యంగా మన నేత బట్టలది. వంతెన దిగాక టీ కొట్టాయన్ని అడిగాను, డచ్చివాళ్ళ ఆనవాళ్ళు ఎక్కడైనా ఉన్నాయా అని.

"డచ్చివారా? ఏ వీధండి? ఏం చేస్తుంటారు?"

"బట్టల వ్యాపారం," అన్నాడు బావ, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా.

"అయితే మెయిన్ రోడ్డులో అడగండి, అక్కడ చెప్తారు."