మాస్క్ వదులైంది

పొద్దున అక్క రేడియేషన్ గదిలోకి వెళ్లిన కాసేపటికే టెక్నీషియన్ బయటికొచ్చి, "కొంచెం ఆగాలండీ, మాస్క్ వదులుగా ఉంది" అన్నారు. గుండె గుభేలుమంది. వాపు తగ్గి ముఖం చిన్నదైందట. మళ్లీ స్కాన్ తీసి కొత్త మాస్క్ చేయాలట.

అక్కకి ముక్కులో లింఫోమా, అంటే ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్. 25 రోజుల రేడియేషన్‌లో ఇది 12వ రోజు. ఆ మాస్క్ వలలాంటి ప్లాస్టిక్. వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద అచ్చు తీస్తారు. తల కదలకుండా దాన్ని బల్లకి బిగిస్తారు.

వాపు తగ్గిందంటే నమ్మడానికి మాకు భయం. మొదట్లో కుడి బుగ్గ ఉబ్బితే పంటికి చీము పట్టిందన్నారు, తర్వాత సైనస్ అన్నారు. యాంటీబయాటిక్స్‌తో కదల్లేదు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్న వారానికే బుగ్గ మామూలైపోయింది. అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. మాత్రలు ఆపగానే అంతకంత వాచింది. లింఫోమాని స్టెరాయిడ్ కొన్నాళ్లు అణచిపెట్టగలదని, బయాప్సీకి దొరక్కుండా కూడా చేయగలదని అప్పుడు మాకెవరు చెప్పారు?

రెండు బయాప్సీల్లోనూ చచ్చిన కణజాలమే అని వచ్చింది. ఈ జబ్బు రక్తనాళాల గోడల్లోకి చొరబడి చుట్టూ ఉన్న కండని చంపేస్తుంది, పైపైన తీస్తే దొరికేది అదే. మూడోసారి ఈఎన్‌టీ డాక్టరుగారు ముక్కు లోపల లోతుగా, నాలుగైదు చోట్ల ముక్కలు తీశారు. సీడీ56 అనే కణాల మీది గుర్తు పాజిటివ్, ఈబర్ పాజిటివ్. ఎన్‌కే, టీ అనే తెల్లరక్తకణాల్లో వచ్చే ఎన్‌కే/టీ సెల్ లింఫోమా అని తేలింది. ఈబర్ అంటే కణాల్లో ఎప్‌స్టీన్ బార్ వైరస్‌ని పట్టే పరీక్ష. పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ఉండే వైరసే అది. మరి అక్కకే ఎందుకిలా అని ఇప్పటికీ నిద్ర పట్టదు.

మామూలు లింఫోమాకిచ్చే మందుల్ని ఈ కణాలు బయటికి తోసేస్తాయట. అందుకే యాస్పరాజినేస్ ఇంజెక్షన్. యాస్పరజిన్ అనే పోషకాన్ని ఈ కణాలు సరిగా తయారు చేసుకోలేవు, రక్తంలోంచి తీసుకోవాలి. ఇంజెక్షన్ దాన్ని రక్తంలోనే లేకుండా చేస్తుంది. వాటిని ఆకలితో మాడ్చడమే. దాని వల్ల రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ పడిపోతుంది, ఆ రిపోర్టు వచ్చే రోజు ఇంట్లో అందరికీ టెన్షన్.

"ఇది కూడా స్టెరాయిడ్ తగ్గుదలేనా డాక్టర్‌గారూ?" అని అడిగేశాను. ఆయన విసుక్కోలేదు. రక్తంలో ఆ ఎప్‌స్టీన్ బార్ వైరస్ డీఎన్ఏ రిపోర్టు తీసి చూపించారు. జబ్బు తగ్గితే అదీ తగ్గుతుందట. మొదట వేలల్లో ఉన్నది ఇప్పుడు కనిపించడం లేదు.

కొత్త మాస్క్ తీసి అక్క బయటికొచ్చేసరికి ముఖమంతా వల గుర్తులు. ఇన్నాళ్లూ కుడి బుగ్గ మీదే లోతుగా పడేవి. ఈరోజు రెండు వైపులా ఒకేలా పడ్డాయి. అక్క నా ఫోన్ తీసుకుని, కెమెరా తనవైపు తిప్పుకుని, ఆ గళ్లని వేలితో తడుముకుంటూ చాలాసేపు చూసుకుంది.