రైలు లేని రైల్వే గేటు

1988లో మన నంద్యాల బడి తరఫున కర్నూలు సైన్స్ ఫేరుకు వెళ్ళినవాటిలో నీటి టర్బైను ఉంది, పొగలు కక్కే అగ్నిపర్వతం ఉంది, బ్యాటరీతో వెలిగే ట్రాఫిక్ దీపాలున్నాయి. వాటి పక్కనే రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న ప్లైవుడ్ పలక మీద మేం ఐదుగురం కలిసి చేసిన రైల్వే గేటు. అందులో కదిలేదీ లేదు, వెలిగేదీ లేదు. ఆఖరికి రైలు కూడా లేదు. మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్ళు అడిగితే నాకు ముందు గుర్తొచ్చింది అదే. ఇప్పటికీ సరదాకు నేను చేస్తున్నది ఆ చిన్న నమూనాల పనే కదా, కాకపోతే కాస్త ఖరీదైన జిగురుతో.

మా తర్వాత చదివినవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. నంద్యాల మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు లైను అప్పట్లో మీటర్ గేజ్. 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. ఇప్పుడు మీరు చూసే పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. మా రోజుల్లో సరిగ్గా మీటరు. బోగీలు చిన్నవి, స్టేషన్లు చిన్నవి, గిద్దలూరు వైపు నల్లమలలోకి పోతే బొగద సొరంగం, దొరబావి వంతెన. మొదట ఆ వంతెనే చేద్దామని గొడవ చేశాం. డ్రాయింగు సారు పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద వంతెన పడితే కొండ పట్టదు, కొండ పడితే వంతెన పట్టదు. రోజూ చూసేది ఏదన్నా చేయండ్రా" అన్నారు. రోజూ చూసేదంటే ఊరి బయటి గేటే. బడికి ఆలస్యమైన ప్రతివాడూ దాని పేరే చెప్పేవాడు.

కొలతలు లెక్కల సారు తేల్చారు. మీటరుకు ఒక సెంటీమీటరు, అంటే నూటికి ఒకటి. మీటర్ గేజ్ కాబట్టి పట్టాల మధ్య ఎడం ఒక సెంటీమీటరు. అంత సులువైన లెక్క ఆయన ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. అదృష్టం కూడా కలిసొచ్చింది. పట్టాల కింద అడ్డంగా వేసే మీటర్ గేజ్ కర్ర స్లీపరు పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 20. నూటితో భాగిస్తే 18 మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు. అగ్గిపుల్లను సగానికి విరిచి కొసలు సమంగా కోస్తే రెండు స్లీపర్లు! పట్టాలకు సైకిలు పుల్లలు వాడదామన్నాడొకడు. అవి రెండు మిల్లీమీటర్లుంటాయి, అంటే 20 సెంటీమీటర్ల ఎత్తు పట్టా. అలాంటిది మన మీటర్ గేజ్‌లో లేదు. సన్న తీగతో పని కానిచ్చాం. కంకరకు ఏటి ఇసుకను రెండు జల్లెళ్ళతో పట్టి, పెద్దదీ కాక సన్నదీ కాక మధ్యలో మిగిలింది తీసుకున్నాం. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి ఇంకు ఫిల్లరుతో వదిలితే ఇసుక చెదరకుండా పీల్చుకుంది. సబ్బు లేకపోతే జిగురు ఇసుక మీద బొట్లుబొట్లుగా నిలబడుతుంది తప్ప లోపలికి దిగదు. ఈ చిట్కా ఇప్పుడు విదేశీ పత్రికల్లో చదువుతుంటే, మాకు చెప్పిన వడ్రంగి గుర్తొచ్చి నవ్వొస్తుంది.

రోడ్డు పక్క కంచెకు నాపరాళ్ళు నిలబెట్టాలి, మన ప్రాంతం కదా. పెళ్ళిపత్రికల అట్టను చీలికలు కోసి బూడిద రంగు పూస్తే అచ్చం నాపబండలే. తుమ్మచెట్లకు ఎండిన తులసి కొమ్మలు వాడాం. ఆ కొమ్మలు తెచ్చినవాడికి వాళ్ళమ్మ చేతిలో ఏం జరిగిందో వాడే రాయాలి. అన్నిటికంటే బాగా కుదిరింది నేల. నల్లరేగడిని గుడ్డలో జల్లించి, నీళ్ళలో కలిపి పలకంతా పూసి ఎండలో పెట్టాం. సాయంత్రానికి అది బీటలు తీసింది, వేసవిలో చేను తీసినట్టే, నూరోవంతు సైజులో. అందులో మా పనితనం ఏమీ లేదు. ఏ కంపెనీ రంగుతోనూ ఆ బీటలు నాకు మళ్ళీ రాలేదు.

అసలు గొడవ రైలు దగ్గర వచ్చింది. వైపీ అనే ఆవిరి ఇంజను చేయాల్సిందేనని ముగ్గురు పట్టుబట్టారు. దాని పెద్ద చక్రాలు 1,372 మిల్లీమీటర్లు, అంటే మా కొలతలో 14 మిల్లీమీటర్ల లోపే. చొక్కా గుండీలు కూడా ఏరిపెట్టుకున్నారు. కానీ ఇంజను ఒకటి, బోగీలు రెండు, తలా ఇరవై సెంటీమీటర్లకు అటూ ఇటూ. అవి మూడూ పెడితే రెండడుగుల పలక ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిండిపోతుంది. గేటు, చేను, నాపరాళ్ళు అన్నీ రైలు వెనకే. డ్రాయింగు సారు విని, "రైలెందుకురా? గేటు పడినాక రైలు రాకుండా పోతుందా?" అన్నారు.

ఆ ముక్కతో పని మొత్తం మారిపోయింది. ఇక చేయాల్సింది రైలును కాదు, రైలు కోసం ఆగినవాళ్ళను. ఫ్యూజు తీగ మీద ఎంసీల్ పెట్టి 17 మిల్లీమీటర్ల మనుషుల్ని చేశాం. ఎద్దుల బండివాడు, ఆర్టీసీ బస్సు దిగి బీడీ వెలిగించుకుంటున్న డ్రైవరు, సైకిలును పక్కకు వాల్చి అడ్డకర్ర కింద దూరుతున్న మనిషి. అందరి మొహాలూ ఎడమవైపే. ఎద్దులు మాత్రం ఎటూ చూడవు. అది కూడా సారు చెప్పిందే.

రంగుల విషయంలో ఆయన అస్సలు ఊరుకునేవారు కాదు. ట్యూబులో ఉన్న రంగు ఉన్నట్టు పూస్తే అది తిరునాళ్ళ బొమ్మ అవుతుందనేవారు. గేటు ఎరుపులో బూడిద రంగు, చెట్ల పచ్చదనంలో కాస్త తెలుపు కలిపించారు. దూరంగా ఉన్నదాని రంగు వెలవెలబోతుంది, చిన్న బొమ్మంటే దూరం నుంచి చూస్తున్నదే కదా, అన్నది ఆయన లెక్క. పట్టాల పైభాగం ఒక్కటే మెరవాలి, పక్కలు తుప్పు రంగు, పట్టాల మధ్య కంకర మీద బూడిద, నూనె మరకలు. పట్టాలను పలక అంచుకు సమాంతరంగా కాకుండా కొంచెం ఏటవాలుగా వేయించారు. అలా వేస్తే పలక అయిపోయినా దారి అయిపోయినట్టు అనిపించదు. ఆయన జీవితంలో రైలు బొమ్మ చేసి ఉండరు, బొమ్మలు వేసేవారంతే.

రైల్వే విషయాలు మా క్లాసువాడి నాన్న చెప్పారు. ఆ గేటు దగ్గరే డ్యూటీ. గేటు పడి తాళం పడితే తప్ప, రైలును రమ్మని చెప్పే గేటు సిగ్నల్ చెయ్యి దిగదు, కాబట్టి సిగ్నల్ చెయ్యి దించే చూపించాలి. రైలు డ్రైవరు వచ్చేవైపు నుంచి చూస్తే ఆ చెయ్యి స్తంభానికి ఎడమ పక్కన ఉండాలి. రోడ్డు దాటేచోట పట్టాల లోపలి వైపు ఇంకో జత పట్టాలుండాలి, బండి చక్రాల మట్టి, రాళ్ళు పడి రైలు చక్రం అంచు పోయే సందు పూడకుండా. "సీ/ఫా" అని (సీటీ, ఫాటక్; అంటే గేటు వస్తోంది, కూత వేయమని) రాసి ఉండే పసుపు కూత బోర్డు కూడా పెడతామంటే ఆయన ఒప్పుకోలేదు. గేటుకు అది అర కిలోమీటరు అవతలే ఉంటుంది. మా కొలతలో ఐదు మీటర్లకు పైనే. పెట్టాలంటే పక్క క్లాసురూములో పెట్టాలి. నిజంగా ఒకడు చాక్‌పీసుతో పక్క క్లాసు గోడ మీద రాసొచ్చాడు కూడా.

కర్నూలులో న్యాయనిర్ణేత ఒకాయన వంగి చూసి, "రైలేదీ?" అన్నారు. "వస్తాంది సార్" అన్నాడు గేట్‌మన్ గారి అబ్బాయి. ఆయన ఎడమవైపు చూశారు. అటు టర్బైను తప్ప ఏమీ లేదు. బహుమతి కూడా ఆ టర్బైనుకే ఇచ్చారు.

ఇప్పుడు హైదరాబాదులో మా ఫ్లాటులో, పుస్తకాల అరలో అదే గేటును మళ్ళీ చేస్తున్నాను. 120 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు. ఈసారి కొలత 87కు ఒకటి, ఎందుకంటే ఆ కొలతలోనే మీటర్ గేజ్‌కు దగ్గరగా ఉండే 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. స్విట్జర్లాండు కొండల్లో మీటర్ గేజ్ రైళ్ళు ఇంకా తిరుగుతున్నాయి, అక్కడి మోడళ్ళ కోసం చేసే పట్టాలివి. అలా ఆల్ప్స్ పట్టాలు నంద్యాల రేగట్లో పడ్డాయి. నమూనాల కోసం అమ్మే విదేశీ గడ్డి పొట్లాలు మాత్రం పక్కన పడేశాను. అంత పచ్చదనం మన చేలలో శ్రావణంలో కూడా చూడలేదు. చీపురు పీచు కత్తిరించి చల్లుతున్నాను. పుస్తకాలు తీసేసి అరలో దుమ్ము పోసుకుంటున్నానని ఇంట్లో పేరు పడింది. ఈసారి రైలుంది. ఎడమ పక్క అట్ట వెనక దాక్కుని ఉంటుంది. మీట నొక్కితే వచ్చి కుడివైపు చింతచెట్టు వెనకకు పోతుంది. కానీ ఇంటికొచ్చిన చుట్టాలకు మీట చూపించను.

బడి లైబ్రరీలో నాలుగడుగుల అర ఒకటి ఖాళీగా ఉందని కమిటీవాళ్ళు చెప్పారు. పూర్తయితే అక్కడికే తెస్తాను. ఒక్క విషయం తేలలేదు. గేటు గది తలుపు ఆకుపచ్చదని ఇద్దరంటున్నారు, ముదురు నీలమని ఒకడు ఒట్టు పెడుతున్నాడు. 1990కి ముందు ఆ గేటు దగ్గర దిగిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే, పెళ్ళి ఊరేగింపుదైనా సరే, వెనక తలుపు కనబడితే చాలు, కమిటీకి ఇవ్వండి. నలుపు తెలుపు ఫొటోలు వద్దు.