తాటిచెట్ల దీవిలో ఆరు రోజులు

ఇండోనేషియాలోని కుపాంగ్ రేవులో రెండు రోజులు కాచుకుని కూర్చున్నాక, మూడో రోజు సాయంత్రం పడవ కదిలింది. ఆగస్టు నెల. ఆగ్నేయం గాలికి సముద్రం లేస్తే పడవలు ఆపేస్తారు. టికెట్ల గది ముందు నేల మీద చాపలు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలే పడుకున్నాయి. కోళ్లు, బియ్యం బస్తాలు, ఒక కొత్త పరుపు, రెండు మోటార్ సైకిళ్లు. తిరుగు టికెట్ పోతుందేమోనని నాకు టెన్షన్. వాళ్లలో ఎవరికీ ఆ కంగారు లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ కొంచెం జరిగి చోటిచ్చి, ఉడికించిన మొక్కజొన్న కంకి నా చేతిలో పెట్టింది. అటువైపు దీవుల్లో పెద్ద వయసు ఆడవాళ్లను 'మామా' అని పిలుస్తారు. మనకేమో అది మేనమామను పిలిచే పిలుపు. మొదటి రోజంతా నాకు నోరు తిరగలేదు.

నేను వెళ్తున్నది సాబు దీవికి. ఇండోనేషియాలో తూర్పు నుసా తెంగారా ప్రావిన్సులో, సుంబాకీ రోటేకీ మధ్య నడిసముద్రంలో ఉంటుంది. అక్కడివాళ్లు తమ నేలను 'రాయి హావు' అంటారు. 2008లో పక్కనున్న చిన్న దీవి రైజువాతో కలిపి దీన్ని సొంత జిల్లా చేశారు. ముఖ్య పట్టణం సెబా. కుపాంగ్ నుంచి చిన్న విమానం కూడా ఉంది, కానీ ఊరి జనమంతా పడవలోనే వెళ్తారు. రాత్రంతా ప్రయాణం.

ఇంత దూరం ఎందుకంటే, తాటిచెట్టు కోసం. మాది నల్లగొండ జిల్లాలో గౌడుల ఇల్లు. మా తాత నలభై ఏళ్లు తాటిచెట్లెక్కాడు. కొన్నేళ్ల కింద ఒక ఫొటో చూశాను. అచ్చం మా ఊరి చెరువుకట్ట మీది చెట్టే. దాని తలలో ఒక మనిషి, చేతిలో తాటాకుతో కుట్టిన బొక్కెన. కింద 'సాబు' అని రాసి ఉంది. అక్కడ ఆ చెట్టును 'లొంతార్' అంటారు, మన తాటిచెట్టు జాతే. ఆ పేరు కూడా 'రోన్ తాల్' అనే మాట నుంచి వచ్చింది. రోన్ అంటే ఆకు, తాల్ అంటే మన తాళవృక్షం, తాటి. ఇది తెలిసిన రోజు నుంచి ఎప్పటికైనా వెళ్లాలనే అనుకున్నాను.

సెబాలో దిగేసరికి తెల్లవారుతోంది. ఒక హైస్కూల్ టీచర్ వచ్చి నిలబడ్డాడు. నెలరోజులుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. వాళ్ల భాషలో కూడా టీచర్ని 'గురు' అనే అంటారు. ఆయన్ని నేను 'పాక్ గురు' అని పిలిచాను, పాక్ అంటే మన 'గారు' లాంటిది. ఆయన బండి మీదే పడమటి కొసన మెహారా వైపున్న వాళ్ల మేనమామ గారి పల్లెకి వెళ్లాం. దారి పొడుగునా ఎండిపోయిన పసుపురంగు గడ్డి, బయటపడ్డ సున్నపురాయి, అక్కడక్కడా గుర్రాలు, గేదెలు, ఎటు చూసినా తాటిచెట్లు. ఈ దీవిని ఒక జీవిలా చూస్తారని పాక్ గురు చెప్పాడు. మెహారా తల, తూర్పున దీము తోక. "మీరు తల మీదికి వచ్చారు" అన్నాడు.

ఇల్లు కూడా అలాంటిదే. పాత పద్ధతి ఇంటికి పడవలాగా ముందుకొస, వెనకకొస ఉంటాయి. ముందు భాగం మగవాళ్లది, వెనక భాగం ఆడవాళ్లది. కప్పు తాటాకుది. పక్కింటికి మాత్రం రేకులున్నాయి. 2021 ఏప్రిల్‌లో సెరోజా తుఫాను వచ్చినప్పుడు ఆ ఇంటి కప్పు లేచిపోయిందట. రేకుల కింద పగలు కూర్చోలేం, తాటాకు కింద చల్లగా ఉంటుంది. కానీ రేకు వేస్తే మళ్లీ మళ్లీ నేయక్కర్లేదు కదా అంది ఇంటావిడ. ఆవిడ్ని నేను మామా అనే పిలిచాను, పాక్ గురు మేనమామని బాపా అని.

మర్నాడు చీకటి ఉండగానే బాపా లేచాడు. నేనూ వెంట వెళ్లాను. ఆయనకు యాభై దాటాయి. నడుముకు కత్తి, భుజాన రెండు తాటాకు బొక్కెనలు. చెట్టు దగ్గరికి వెళ్లి అరచేత్తో మానును ఒకసారి తట్టాడు. నేను మోకు కోసం చూశాను. లేదు. మానుకు కొట్టిన గాట్లలో కాలివేళ్లు పెట్టి, రెండు చేతులతో చెట్టును కౌగిలించుకుని ఎక్కేశాడు. మా తాత నడుముకు మోకు, కాళ్లకు గుజి లేకుండా ఏనాడూ చెట్టు ముట్టలేదు. కింద నిలబడి ఆయన్ని చూస్తుంటే నా అరికాళ్లు జివ్వుమన్నాయి.

పైన ఆయన చేసే పని మాత్రం నాకు కొత్త కాదు. గెలను చెక్క పట్టకారుతో నొక్కి మెత్తబరచడం, కొసను కత్తితో పల్చగా, వక్కపొర అంత మందాన చెక్కడం, బొక్కెన తగిలించడం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కపూట గీయకపోయినా కోత ఎండిపోయి ధార ఆగుతుంది. అందుకే గీసేవాడికి సెలవుండదు, జ్వరమొచ్చినా ఉండదు. దిగివచ్చి బొక్కెన నా నోటికి అందించాడు. తాటాకు అంచు నుంచి నీరా నా గడ్డం మీదుగా కారింది. చల్లగా, తియ్యగా, కొంచెం పచ్చి ఆకు వాసనతో ఉంది. చిన్నప్పుడు మా తాత లొట్టి వంచి పోసింది ఇదే. అరవై దాటిన మా బాబాయి ఇప్పటికీ ఇంత తియ్యగా గీస్తాడు, తాగడానికే ఇంట్లో ఎవరూ ఉండరు.

మనకు తాటిచెట్టు అంటే ముందు గుర్తొచ్చేది కల్లు, ఆ తర్వాత ఎండాకాలం ముంజలు. సాబులో అది అన్నం. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలు వాన, తర్వాత ఎనిమిది నెలలు ఎండ. ఆ వానకు పెసలు, జొన్న, మొక్కజొన్న వేస్తారు. వాన తప్పితే పంట పోతుంది. చెట్టు మాత్రం ఎండాకాలంలోనే నీళ్లిస్తుంది. ఆ నీళ్లను కాచి పాకం చేసి కుండల్లో దాచుకుంటారు, ఏడాది నిలవుంటుంది. పొద్దున బడికి వెళ్లే ముందు ఆ ఇంటి మనవరాలు గ్లాసులో రెండు గరిటెల పాకం వేసుకుని, నీళ్లు కలిపి, నిలబడే తాగి పరిగెత్తింది. అదే ఆమె టిఫిన్.

పాకం కాచే చోటే నాకు ఎక్కువ పొద్దుపోయింది. నేలలో పొడుగ్గా గాడి తవ్వి, మీద మట్టి కప్పి, కుండల సైజుకు వరసగా కన్నాలు పెట్టారు. మన పెళ్లిళ్లలో తవ్వే గాడిపొయ్యే. ఒక కొసన మంట పెడితే వేడి అన్ని కుండల కిందికీ పాకుతుంది. మంటకు తాటి మట్టలే. మామా మొదటి కుండలో పచ్చి నీరా పోసి, చిక్కబడుతున్న కొద్దీ పక్క కుండలోకి మారుస్తూ ఉంది. తెల్లటి నురగ ముందు గోధుమరంగుకి, తర్వాత తేనెరంగుకి తిరిగింది. బుడగల చప్పుడు మారింది. ముందు గలగల, తర్వాత బుడుక్ బుడుక్. అప్పుడు ఆవిడ గరిటె పైకెత్తి చూసింది. చివరి చుక్క తెగకుండా తీగలా సాగింది. "దోనాహు" అంది నవ్వుతూ. మనం తీగపాకం అంటాం. వేలు పెట్టి నాకాను. తాటిబెల్లం వాసనే, దానికి పొగ తోడైంది.

పాక్ గురు ఆ పొయ్యి దగ్గరే ఒక పాత సంగతి చెప్పాడు. 1770 సెప్టెంబరులో కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్ ఈ తీరానికి వచ్చింది. ఆస్ట్రేలియా తూర్పుతీరం చూసి వస్తున్నారు, తిండి అయిపోవస్తోంది. ఇక్కడ గేదెలు, గొర్రెలు, కోళ్లతో పాటు వందల గాలన్ల తాటిపాకం కొనుక్కుని వెళ్లారు. పరాయి ఓడకు అమ్మినా ఇంకా మిగిలేంత పాకం అప్పట్లోనే ఇక్కడ కాచేవారన్నమాట.

తియ్యటి నీళ్లు ఇంత ఉన్న ఊళ్లో మామూలు నీళ్లు లేవు. అసలు కష్టం అదే. ఆగస్టుకే దగ్గర బావి అడుగంటింది. వాగు పక్కనున్న ఇంకో బావికి అరగంట నడక. ఆడపిల్లలు పసుపు జెర్రీక్యాన్లు పట్టుకుని వెళ్లి, వంతు కోసం వరసలో కూర్చుంటారు. నీళ్లలో ఉప్పు జీర ఉంటుంది. నేను మొదటి రోజు తెలియక బకెట్ నిండా స్నానం చేశాను. సాయంత్రం ఆ ఇంటి మనవరాలు మళ్లీ క్యాను తీసుకుని బయల్దేరినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ చెంబుతోనే సరిపెట్టుకున్నాను. ఓ క్యాను నేనూ మోశాను. సగం దారిలో రెండుసార్లు దించాను. పదకొండేళ్ల పిల్ల ఆగి నా కోసం నిలబడింది.

మధ్యాహ్నాలు మామా నేత పనిలో ఉండేది. నూలు పోగులను బద్దకు బిగించి, రంగు అంటకూడని చోటల్లా సన్నగా చీల్చిన తాటాకు చుట్టి ముడి వేస్తోంది. మా పోచంపల్లిలో సైకిల్ ట్యూబు రబ్బరు చుడతారని ఫోన్లో చూపించాను. ముడిని పెద్దది చేసి చాలాసేపు చూసింది. మనం 'ఇక్కత్' అనే మాటే వాళ్లది, కట్టడం అని అర్థం. ఎర్రరంగు తొగరు చెట్టు వేరు నుంచి, నీలం నీలిమందు నుంచి. సాబులో ఆడవాళ్లు తల్లి వైపు నుంచి రెండు శాఖలు, హుబి అయె, హుబి ఇకి. 'హుబి' అంటే తాటి గెల. పెద్ద గెల, చిన్న గెల. ఇద్దరు అక్కచెల్లెళ్ల సంతానమట. ఎవరి చీర మీద ఏ పువ్వు ఉండాలో ఈ శాఖే చెబుతుంది. ఒకరి నమూనా ఇంకొకరు నేయకూడదు.

నాలుగో రోజు బాపా తన తమ్ముడి ఇంటికి తీసుకెళ్లాడు. తమ్ముడు వెదురు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆరేళ్ల కింద చెట్టు మీంచి పడ్డాడు. సెబా దాకా ఒక ట్రక్కు వెనక పడుకోబెట్టి తీసుకెళ్లారు. అక్కడి నుంచి కుపాంగ్ వెళ్లమన్నారు, సముద్రం బాగాలేక నాలుగు రోజులు పడవ లేదు. నడుము కింద చచ్చుబడిపోయింది. ఇప్పుడు ఆయన కూర్చునే తాటాకు బొక్కెనలు కుడతాడు. ఊరందరికీ ఆయన కుట్టిన బొక్కెనలే.

మా తాత కూడా అలాగే చెట్టు మీంచి పడే పోయాడు. మోకు ఉంది, గుజి ఉంది, అయినా వానకు తడిసిన మాను జారింది. మూడేళ్లు మంచంలో ఉన్నాడు. ఆయన మంచం పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేవాణ్ణి. ఈ సంగతి నేను వాళ్లకి పాక్ గురు ద్వారా చెప్పాను. ఆయన తర్జుమా చేస్తుంటే ఇంట్లో అందరూ చేతిలో పని ఆపేశారు. ఆ తమ్ముడు నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత ఒక్కటే అడిగాడు: "మోకు అంటే ఎలా ఉంటుంది?"

కాగితం మీద గీసి చూపించాను. మానును, మనిషినీ కలిపి చుట్టే పగ్గం, వెనక్కి వాలితే నడుమును పట్టుకునే చోటు, కాళ్లకు ఉంగరంలా ఉండే గుజి. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని కూడా చెప్పాను. కాటమయ్య మా గీతవాళ్ల దేవుడని చెబితే, తమకూ చెట్టును అడగకుండా సీజన్ మొదలుపెట్టకూడదనే పట్టింపు ఉందన్నాడు బాపా. ఆయన కొడుకులిద్దరూ కుపాంగ్‌లో పని చేసుకుంటున్నారు. ఎవరూ చెట్టెక్కరు. "వాళ్లను ఎక్కమనడానికి నాకే మనసొప్పదు" అన్నాడు. ఆ మాట నేను మా బాబాయి నోట కూడా విన్నాను. ప్రాణానికి భరోసా లేని పనిలోకి పిల్లలు రాలేదని ఎవరూ తప్పుపట్టకూడదు. భరోసా ఇవ్వాల్సినవాళ్లు ఎందుకివ్వలేదని అడగాలి.

ఆరో రోజు పొద్దున మామా ఒక నీళ్ల సీసాలో దోనాహు పోసి, మూతకు ప్లాస్టిక్ చుట్టి ఇచ్చింది. సాబువాళ్లు వీడ్కోలుకి ముక్కుకు ముక్కు ఆనిస్తారు. ముందు మామా, తర్వాత బాపా, చివరికి ఆ పిల్ల. పొయ్యి పొగ వాసన నా మొహానికి అంటింది. "వెళ్లొస్తాను మామా" అని తెలుగులోనే అనేశాను. ఈసారి ఆ పిలుపు నా నోటికి కొత్తగా అనిపించలేదు.

ఇంటికొచ్చాక ఆదివారం ఊరెళ్లి బాబాయిని చెట్టెక్కించి, మోకు కట్టుకోవడం మొదలు దిగడం దాకా వీడియో తీశాను. దగ్గరి నుంచి ముడులు కూడా తీశాను. పాక్ గురుకి పంపాను. ఆ పల్లెలో సిగ్నల్ కొండ మీదికెక్కితేనే వస్తుంది. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. బాపా తమ్ముడు వీడియో పదిసార్లు చూశాడట, నారతో పేనడం మొదలుపెట్టాడట. పగ్గం పొడవెంత పెట్టాలి అని అడిగాడు. బాబాయికి ఫోన్ చేశాను. మాను లావును బట్టి ఉంటుంది, వాళ్ల చెట్టు చుట్టుకొలత కనుక్కో అన్నాడు. కొలత పంపమని మెసేజ్ పెట్టాను. దానికింకా ఒక టిక్కే ఉంది. ఎవరో ఒకరు కొండెక్కాలి.