చర్చా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఎక్కడెక్కడ తెగుతుంది

డిస్కోర్స్, పీహెచ్‌పీబీబీ, మాస్టొడాన్, మీడియావికీ: జనం కలిసి రాసుకునే, చర్చించుకునే వేదికలు వీటితో నడుస్తాయి. వీటిలో ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగువాళ్ల కోసం సిద్ధం చేయాలనగానే చాలామంది ముందు అనువాదాల ఫైలు తెరుస్తారు. బటన్ల మీద తెలుగు కనిపిస్తే పని సగం అయిపోయిందనుకుంటారు. జనం వచ్చి రాయడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడుతుంది: వెతికితే దొరకదు, పేరు పెట్టి పిలిస్తే నోటిఫికేషన్ వెళ్లదు, లింకు చూస్తే శాతం గుర్తుల వరద. మూలం దాదాపు ప్రతిసారీ ఒకటే. ఒక కోడ్ పాయింట్ (కంప్యూటర్ ఒక్కో గుర్తుకు వాడే సంఖ్య) అంటే ఒక అక్షరం అనుకుని రాసిన కోడ్.

ప్రపంచ లిపులకు ఈ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు, మొత్తం 128 స్థానాలు. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు. మనిషి కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టే యూనికోడ్ నియమం కూడా పాత వెర్షన్లలో దీన్ని 3 ముక్కలు చేసేది. 2023లో వచ్చిన 15.1లో పొల్లుతో కలిసే హల్లులను ఒకే ముక్కగా చూడాలనే నియమం చేరింది, ఆ జాబితాలో తెలుగు ఉంది. కాబట్టి బ్రౌజర్‌లో, పాఠాన్ని అక్షరాలుగా విడదీసే ఇంటిఎల్ సెగ్మెంటర్‌తో లెక్కపెడితే పాత ఫోన్‌లో 3, కొత్త ఫోన్‌లో 1 రావచ్చు. ఫైర్‌ఫాక్స్‌కైతే ఆ సెగ్మెంటర్ 2024లో 125వ వెర్షన్‌తోనే వచ్చింది. నిడివి పరిమితిని సర్వర్‌లో కోడ్ పాయింట్ల లెక్కన, బ్రౌజర్‌లో కంటికి కనిపించే అక్షరాల లెక్కన పెడితే పెట్టెలో ‘ఇంకా చోటుంది’ అని కనిపిస్తుంది, పంపగానే ఎర్ర గీత వస్తుంది. రెండుచోట్లా కోడ్ పాయింట్లే లెక్కపెట్టి, పరిమితినే పెంచడం మేలు. 255 ఉన్న శీర్షిక పరిమితి ఇంగ్లీషుకు ధారాళం, తెలుగులో దాని సత్తువ సగానికి పడిపోతుంది.

ఇప్పుడు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (పాఠంలో ఒక నమూనాకు సరిపోయే ముక్కలను పట్టే సూత్రాల) సంగతి. ఎక్కువ నష్టం ఇక్కడే. ‘పదంలో వచ్చే అక్షరం’ అనడానికి అందరూ వాడేది స్లాష్-డబ్ల్యూ. జావాస్క్రిప్ట్‌లోనూ రూబీలోనూ దానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏమీ తెలియవు. పైథాన్ 3లో దానికి యూనికోడ్ తెలుసు కదా అని నిశ్చింతగా ఉంటారు, అది ఇంకా మోసం. అక్కడ త, ల, గ అక్షరాలే, కాని ఎత్వం, కొమ్ము అక్షరాలు కావు. అందుకే పైథాన్ వెబ్ చట్రం జాంగోలో, శీర్షికను లింకులో పెట్టే మాటగా (స్లగ్) మార్చే స్లగిఫై ఫంక్షన్‌కు ‘తెలుగు’ అని ఇచ్చి, యూనికోడ్ అనుమతించమని చెబితే తిరిగి వచ్చేది ‘తలగ’. అనుమతించకపోతే ఖాళీ స్ట్రింగ్. ఖాళీ వస్తే వెంటనే తెలిసిపోతుంది, ‘తలగ’ మాత్రం నెలల తరబడి ఎవరి కంటా పడకుండా డేటాబేస్‌లో కూర్చుంటుంది.

పేర్లను, హ్యాష్‌ట్యాగ్‌లను పట్టే చోట కూడా ఇదే వరస. ‘యూనికోడ్ లెటర్’ వర్గం ఒక్కటే రాస్తే ‘@రాము’లో ‘ర’ దగ్గరే ఆగిపోతుంది. లెటర్‌తో పాటు మార్క్, డెసిమల్ నంబర్ వర్గాలు, అండర్‌స్కోర్, వీటికి తోడు హల్లులు కలిసి వత్తు కాకుండా ఆపే కనపడని గుర్తు జీరో విడ్త్ నాన్-జాయినర్, ఇవన్నీ ఉండాలి. జావాస్క్రిప్ట్‌లో ఈ వర్గాలు ఈఎస్ 2018 నుంచి ఉన్నాయి, చివర ‘యు’ ఫ్లాగ్ మరవకూడదు. రూబీలో చదరపు బ్రాకెట్ల ‘వర్డ్’ తరగతి మార్కులను కలుపుకునే ఉంటుంది కాబట్టి స్లాష్-డబ్ల్యూ బదులు అదే వాడాలి. పదం హద్దును పట్టే స్లాష్-బి జావాస్క్రిప్ట్‌లో తెలుగుకు అసలు పనికిరాదు. దాని బదులు ముందు, వెనక ఈ వర్గాలేవీ లేవని చూసే లుక్‌ఎరౌండ్ రాసుకోవాలి.

నాన్-జాయినర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగా పడాలంటే ట పొల్లు తర్వాత అది ఉండాలి, లేకపోతే వ వచ్చి కింద వత్తుగా అతుక్కుంటుంది: ‘సాఫ్ట్వేర్’. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు. ఒకే మాట డేటాబేస్‌లో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి వెతికితే రెండోది రాదు. చూపించే పాఠంలో దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. వెతుకులాట సూచికలోనూ, వెతికే మాటలోనూ మాత్రం తీసేయాలి. ‘కనపడని చెత్త’ అని రాసేటప్పుడే ఏరివేసే శుద్ధి ఫంక్షన్లు చాలా ప్రాజెక్టుల్లో ఉంటాయి. వాటి పుణ్యమా అని తెలుగు పాఠం మొత్తం వత్తులమయం అవుతుంది.

అలాగని ఎక్కడపడితే అక్కడ దాన్ని అనుమతించడమూ మంచిది కాదు. ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 5892లో చక్కటి నియమం ఉంది: పొల్లు వెంటనే వస్తే సరే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చిన తెలుగు ‘జ్ఞా’ గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఆ తర్వాత నాన్-జాయినర్, చివర దీర్ఘం. ఆ వరుస ఉన్న నోటిఫికేషన్ వస్తే చాలు, ఫోన్ తెర పనిచేయడం మానేసేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అందులో నాన్-జాయినర్ పొల్లు తర్వాత లేదు, ఞ తర్వాత ఉంది. పై నియమం ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఆ వరుస సర్వర్ దాటి బయటికే వచ్చేది కాదు.

రెండు రూపాలను ఒకటి చేయాల్సిన రెండో చోటు ఐత్వం. ‘కై’లోని ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గీత అని రెండుగా రాయవచ్చు. కంటికి తేడా ఉండదు. ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ సాధారణీకరణ రెండింటినీ ఒకటి చేస్తుంది. డేటాబేస్‌లోకి వెళ్లే ప్రతి పాఠాన్నీ ఎన్ఎఫ్‌సీ చేయడం ఒక్క లైను పని. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ ఫంక్షన్ అందులోనే ఉంది.

వెతుకులాటకు వద్దాం. పోస్ట్‌గ్రెస్ పూర్తి పాఠ వెతుకులాటలో 12వ వెర్షన్ నుంచి తమిళానికి, 14 నుంచి హిందీకి మూలపదాన్ని తీసే స్నోబాల్ స్టెమ్మర్ ఉంది. తెలుగుకు లేదు. దిక్కు ‘సింపుల్’ కాన్ఫిగరేషనే: పదాన్ని ఉన్నది ఉన్నట్టు దాచుకుంటుంది. అంటే ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’, ‘పుస్తకాన్ని’, ‘పుస్తకంలో’ ఏవీ రావు. విభక్తి, బహువచనం అన్నీ పదానికే అతుక్కునే భాషలో ఇది దాదాపు వెతుకులాట లేనట్టే.

దీనికి చౌకలో ఒక ఉపాయం ఉంది. వెతికే మాట చివరనున్న సున్న, పొల్లు, గుణింతపు గుర్తు ఏదైతే అది తీసేసి, మిగిలినదానికి కోలన్-స్టార్ తగిలించి ముందుభాగం సరిపోలికగా పంపాలి. ‘పుస్తకం’ కాస్తా ‘పుస్తక’ అవుతుంది, పైన చెప్పినవన్నీ దొరుకుతాయి. ‘హైదరాబాద్’ అన్నా ‘హైదరాబాదు’ అన్నా ‘హైదరాబాద’ దగ్గర కలుస్తాయి, ‘హైదరాబాదులో’ కూడా వస్తుంది. ఎన్ఎఫ్‌సీ, నాన్-జాయినర్ తొలగింపు రెండూ చేసే ఒక ఇమ్మ్యూటబుల్ ఫంక్షన్ (ఒకే పాఠానికి ఎప్పుడూ ఒకే ఫలితం ఇచ్చేది) రాసి, దాని మీద జనరేటెడ్ కాలమ్ (తనంతట తానే నిండేది), పదాల వెతుకులాటకు జిన్ ఇండెక్స్ పెడితే సరిపోతుంది.

ఇది ఎక్కడ బెడిసికొడుతుందో కూడా తెలిసి ఉండాలి. రెండక్షరాల మాటల్లో: ‘ఊరు’ను ‘ఊర’ చేస్తే ఊరట, ఊరగాయ వచ్చి పడతాయి. ‘పాలు’ అంటే పాలన, పాలకొల్లు. అందుకే మూడక్షరాలు, ఆపైన ఉన్న మాటలకే ఈ కోత. చిన్నవాటికి ఉన్న మాటకు లో, కు, కి, ని, తో, నుంచి చేర్చి విడివిడిగా వెతకడమే మేలు. ఇక ‘ఇల్లు’ ‘ఇంట్లో’గా, ‘ఊరు’ ‘ఊళ్లో’గా మారితే ముందుభాగం ఉపాయం ఏమీ చేయలేదు. అలాంటి మాటలు తరచూ వాడేవి మహా అయితే కొన్ని డజన్లు. పర్యాయపదాల నిఘంటువు ఫైలులో చేత్తో రాసుకోవడమే దారి. మాటను మూడేసి గుర్తుల ముక్కలుగా పోల్చే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ అక్షరదోషాలకు బాగానే ఉంటుంది, కాని డేటాబేస్‌ను ‘సి’ లొకేల్ (భాషా అమరిక)తో సృష్టించి ఉంటే అది ఇంగ్లీషేతర అక్షరాలను పట్టించుకోదు. డేటాబేస్ పుట్టినప్పుడే ఇది సరిగా ఉండాలి. తర్వాత మార్చాలంటే డంప్ తీసి మళ్లీ ఎక్కించాల్సిందే.

తిట్ల వడపోత కూడా ఇదే కుటుంబం. నిషేధిత మాటల జాబితాలో ‘పంది’ పెట్టి ముందుభాగం సరిపోలిక వాడితే ‘పెళ్లి పందిరి’ రాసినవాళ్ల పోస్టు ఆగిపోతుంది. అచ్చంగా సరిపోవాలంటే ‘పందివి’, ‘పందులు’ దర్జాగా దాటిపోతాయి. రూపాలన్నీ విడివిడిగా రాసి, వాటిని ఆపేయకుండా మోడరేటర్ వరుసలో పెట్టే అమరికే నయం.

లింకుల విషయంలో తెలుగు స్లగ్ మీద మమకారం వద్దు. ఒక్కో కోడ్ పాయింట్ శాతం గుర్తులతో 9 అక్షరాలవుతుంది, ‘తెలుగు’ ఒక్కటే 54. వాట్సాప్‌లో అతికిస్తే తెర నిండిపోతుంది. డిస్కోర్స్‌లో స్లగ్ పద్ధతిని ఆస్కీలో వదిలేస్తే తెలుగు శీర్షికలన్నింటికీ ‘టాపిక్’ అనే మాటే పడుతుంది, వెనక సంఖ్య ఉంటుంది కాబట్టి లింకు పనిచేస్తుంది. అందంగా లేకపోయినా పొట్టిగా ఉంటుంది.

వాడుకరి పేర్లు తెలుగులో ఉండనివ్వాలా? మాస్టొడాన్‌లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప వీలు లేదు. డిస్కోర్స్‌లో యూనికోడ్ పేర్ల సెట్టింగ్ ఉంది, మామూలుగా ఆపి ఉంటుంది. తెరిస్తే మూడు కాపలాలు పెట్టాలి: పొల్లు తర్వాత తప్ప నాన్-జాయినర్ వద్దు, ఒక పేరులో ఒకే లిపి, తెలుగు అంకెలు వద్దు. చివరిది ఎందుకంటే తెలుగు అంకె ‘౦’, అనుస్వారం పక్కపక్కన పెట్టినా చాలా ఫాంట్లలో తేడా తెలియదు. ఒకరి పేరుతో ఇంకొకరు చేరడానికి అది చాలు. కన్నడ సున్నతోనూ ఇదే పేచీ.

మైఎస్‌క్యూఎల్ మీద నడిచే పాత పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్లలో ఒక చిత్రం ఉంది. అక్కడి ‘యూటీఎఫ్8’ నిజానికి 3 బైట్ల వరకే. తెలుగు సరిగ్గా 3 బైట్లు కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. ఎవరో దండం ఎమోజీ పెడతారు, అది 4 బైట్లు. తప్పు డేటాను తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే ఎమోజీ దగ్గర్నుంచి మిగతా పోస్టంతా చడీచప్పుడు లేకుండా మాయం. 4 బైట్లూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చబోతే ఇండెక్స్ పరిమితి 767 బైట్లు అడ్డొస్తుంది: 255 అక్షరాలు 3 బైట్ల లెక్కన 765, సరిపోయేది. 4 బైట్ల లెక్కన 191కే ఆగాలి. డైనమిక్ రో ఫార్మాట్‌కు మారితే పరిమితి 3072 అవుతుంది, కాలమ్‌ను కత్తిరించనక్కరలేదు. టెక్స్ట్ రకం కాలమ్‌లో 65,535 బైట్లే పడతాయి, అంటే 21,845 తెలుగు కోడ్ పాయింట్లు. పొడుగు వ్యాసాలు వచ్చే చోట మీడియం టెక్స్ట్ ఉండాలి.

ఈమెయిల్ శీర్షికలో డబ్బాలు కనిపిస్తే కారణం లెక్కలోనే ఉంది. ఆర్ఎఫ్‌సీ 2047 ప్రకారం ఎన్‌కోడ్ చేసిన ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. ముందువెనకల తగిలించేవి పోగా, బైట్లను మామూలు అక్షరాలుగా మార్చే బేస్64కు మిగిలేది 60 గుర్తులు, అంటే 45 బైట్లు, అంటే 15 తెలుగు కోడ్ పాయింట్లు. బైట్ల లెక్కన గుడ్డిగా కోసే మెయిలర్ ఒక అక్షరాన్ని మధ్యలో తెంపుతుంది. నోటిఫికేషన్‌లో చూపే సారాంశాన్ని కోసేటప్పుడూ అంతే: చివర పొల్లు మిగిలితే ఒక హల్లు వెనక్కి జరిగి కోయాలి.

అనువాద వాక్యాల్లో చలరాశికి (పేరు వచ్చి కూర్చునే ఖాళీకి) విభక్తి అతికించకండి. పేరు ఇకారంతో ముగిస్తే ‘కి’, లేకపోతే ‘కు’: రవికి, రాముకు. సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు. పేరు తర్వాత ఖాళీ వదిలి ‘గారికి’, ‘గారు రాశారు’ అంటే విభక్తి గొడవా తీరుతుంది, ఆడా మగా గొడవా తీరుతుంది. అలాగే చర్చ శీర్షికను కొటేషన్‌లో పెట్టి ‘అనే చర్చలో’ అనాలి. దీనికి మూల కోడ్‌లో వాక్యం మొత్తం ఒకే స్ట్రింగ్‌గా ఉండాలి. ‘బై’ అనే ఇంగ్లీషు మాటను, పేరును విడిగా అతికించే కోడ్ కనిపిస్తే ముందు దాన్ని సరిచేయించాలి.

తెర మీద లైన్ హైట్ 1.6 కన్నా తగ్గితే కింది లైను గుడులు పై లైను వత్తులను తాకుతాయి. ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని దాచే అమరిక) ఉన్న శీర్షిక పెట్టెలో వత్తులు సగానికి కోసుకుపోతాయి. లెటర్ స్పేసింగ్ తెలుగుకు సున్నా ఉంచాలి. సర్వర్‌లో బొమ్మలు తయారుచేసే ఇమేజ్‌మ్యాజిక్, పిల్లోలను అక్షరాలను కలిపి కూర్చే రాక్మ్ లైబ్రరీతో కట్టకపోతే ‘శ్రీ’ విడిపోయిన ముక్కలుగా పడుతుంది.

ఈ దిద్దుబాట్లను సొంత ఫోర్క్‌లో (విడిగా తీసుకున్న నకలులో) దాచుకోవద్దు. భద్రతా సవరణలు వచ్చిన ప్రతిసారీ మెర్జ్ చేయలేక (కలపలేక) చేతులెత్తేస్తారు. అసలు ప్రాజెక్టుకే పంపాలి, ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును చేర్చమనే అభ్యర్థనలో) ఒకే దిద్దుబాటు. చూసేవాళ్లకు తెలుగు రాదు కాబట్టి స్ట్రింగ్‌తో పాటు కోడ్ పాయింట్ల వరుస రాసి, ముందు ఏం వచ్చేది, ఇప్పుడు ఏం వస్తుంది అన్నది టెస్ట్‌గా పెట్టాలి. అదే టెస్ట్‌లో ఒక హిందీ మాట, ఒక తమిళ మాట కూడా ఉంచితే ‘ఒక్క భాష కోసం మార్చాలా’ అనే ప్రశ్న రాదు. డిస్కోర్స్‌కు కోడ్ ఇచ్చే ముందు కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం చేయాలి, అనువాదాలు క్రౌడిన్ అనువాద సైటులో జరుగుతాయి. మీడియావికీకైతే ట్రాన్స్‌లేట్‌వికీ. లొకేల్ ఫైలును నేరుగా మార్చి పంపితే తీసుకోరు.

టెస్ట్‌లకు ఈ గుప్పెడు మాటలు చాలు: తెలుగు, స్త్రీ, సాఫ్ట్‌వేర్ రెండు రూపాల్లో, కై రెండు రూపాల్లో, పందిరి, చివర దండం ఎమోజీ ఉన్న ఒక పూర్తి వాక్యం. స్లగ్, పేరు పిలుపు, వెతుకులాట, సారాంశం, ఈమెయిల్ శీర్షిక అన్నింటిలోంచీ వీటిని నడిపించి, లోపలికి వెళ్లింది (ఎన్ఎఫ్‌సీ చేసిన రూపంలో) బయటికి అలాగే వచ్చిందో లేదో బైట్లతో పోల్చండి. కంటితో పోలిస్తే ఐత్వం, నాన్-జాయినర్ తేడాలు తప్పించుకుంటాయి.