బావ పెట్టిన లిస్టు

గిన్నెలు తోముడైంది, అత్తమ్మ పడుకున్నది. నాకు మాత్రం నిద్ర పట్టుతలేదు. కారణం మా బావ. ఇంకెవరు?

పొద్దున ఫ్యామిలీ గ్రూపుల ఒక ఫార్వర్డు పడేసిండు: సినిమావాళ్లకిచ్చే దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మన తెలుగువాళ్లు. బి.ఎన్.రెడ్డి ఉన్నడు, ఎల్వీ ప్రసాద్ ఉన్నడు, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్, అందరున్నరు. 1980 అవార్డు తీసుకున్న పైడి జైరాజ్ లేడు. మా కరీంనగర్‌ల పుట్టినాయన! "బావా, ఒక పేరు తప్పింది" అని మర్యాదగనే రాసిన. "ఆయన హిందీ యాక్టర్ కదమ్మా" అన్నడు, పక్కన పండ్లికిలించే బొమ్మ. ఆ 'కదమ్మా'కే నాకు కాలింది. ఎల్వీ ప్రసాద్ మొదటి హిందీ టాకీ 'ఆలం ఆరా'ల వేషం వెయ్యలేదా? హిందీ సినిమాలు తియ్యలేదా? ఆయనకు లేని లెక్క ఈయనకెందుకు? ఇదంతా టైపు చేసినంక మా ఆయన వెనుక నుంచి చదివి "పండుగకు వాళ్లింటికే పోవాలె" అన్నడు. చెరిపేసిన.

చిన్నప్పుడు తాతోళ్లింట్ల వీసీఆర్ కిరాయికి తెచ్చి 'షోలే' వేసేటోళ్లు. అందులో జైరాజ్ పోలీస్ కమిషనర్, కొంచెంసేపే కనిపిస్తడు. ఆ కొంచెంసేపటికి తాత మంచం మీదికెళ్లి లేచి, ధోతి ఎగ్గట్టి, టీవీ ముందట గొంతుకూర్చుండి అద్దం మీద వేలు పెట్టేటోడు. "గీయనే! మనోడు, గీయనే!" వేలు పెట్టినకాడ చిటచిటమని సప్పుడు. పిల్లలమంతా "తాతా, జరుగు" అని మొత్తుకునేటోళ్లం. ఆయన జరిగేలోపు కమిషనర్ పోయేటోడు. అట్ల ఎన్నిసార్లు చూసినా నాకు యాదికున్నది తాత వీపే.

గాని బావ మాటల కొంత నిజం లేకపోలేదు. పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్, ఆయన పేరు తెచ్చుకున్న వేషాలన్నీ హిందీలనే. డైరెక్షన్ చేసినా అంతే: 1945ల 'ప్రతిమ', అందులో దిలీప్ కుమార్ హీరో, 1951ల 'సాగర్'. మనకు చెప్పుకోను తెలుగు సినిమా ఏది? రాత్రి చారు పోపు వేసుకుంట నేనే మెత్తబడ్డ.

మళ్ల తిరగబడ్డ. జైరాజ్ మొదలుపెట్టింది 1929ల, మాటల్లేని మూకీ సినిమాలల్ల. మూకీకి భాషేంది? టాకీలొచ్చినంక ఆంధ్ర పిల్లలకు మద్రాసు దగ్గర, వాళ్ల రాజధానే అది. నిజాం రాజ్యంల పుట్టి, నిజాం కాలేజీల చదివినాయనకు దగ్గరయింది బొంబాయి. మా తాత చదివింది ఉర్దూ మీడియమే, ఇంటి చిట్టాపద్దు సుతం ఉర్దూలనే రాసేటోడు. ఆయన తెలుగోడు కాకపోయిండా? ఆ కాలపు తెలంగాణోడు సినిమాల్లకు పోతే అచ్చం జైరాజ్ లెక్కనే అయితడు. రవీంద్రభారతిల ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టిండ్రు, బావ ఆఫీసు పని మీద ఆ తొవ్వలనే తిరుగుతడు, బోర్డు చదవడు.

పొద్దున అన్ని పేర్లతోని నేనే ఫార్వర్డు పెడ్త. పండుగ సంగతి మా ఆయన చూసుకుంటడు.