ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న

పోయిన వేసవిలో మా పిన్నికి నెల్లూరులో గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేశారు. గంటలో అయిపోయింది గానీ ఆవిడకు సొంతంగా ఊపిరి రాలేదు. ఆరు గంటలు వెంటిలేటర్ మీదే ఉంది. బాబాయి కుర్చీలో కూర్చోలేడు, నిలబడలేడు. చీకటిపడ్డాక మత్తు డాక్టరు బయటికొచ్చి, "మీరు ఆర్యవైశ్యులా అమ్మా?" అని అడిగారు. ఆ టెన్షన్‌లో నాకు ఒళ్లు మండింది, ఇప్పుడు కులంతో పనేంటని. తర్వాత అర్థమైంది. ఆయన అడగాల్సిందే అడిగారు, కాకపోతే పొద్దున్నే అడిగి ఉండాల్సింది.

గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తుంటారు. కాలేయంలో తయారయ్యే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి మామూలుగా 5, 10 నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ బాగా తక్కువున్నవాళ్లకు గంటలు పడుతుంది, అంతసేపూ ఊపిరి తీసే కండరాలు కూడా కదలవు. మత్తు కొనసాగిస్తూ వెంటిలేటర్ మీద ఓపిగ్గా ఉంచితే మనిషి కోలుకుంటుంది. ముందే తెలిస్తే ఆ మందు జోలికే పోకుండా వేరేది వాడొచ్చు.

మా వైశ్యుల్లో ఈ లోపం ఎక్కువని మత్తు డాక్టర్లకు అనుభవంలో ఎప్పటినుంచో తెలుసు. 2017లో హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ గారు, అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ రైక్ గారి బృందం వేసిన పేపర్‌లోనూ దీన్ని ఉదాహరణగా చూపించారు, మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు 100 రెట్లట. మేనరికాలు మానేస్తే చాలంటారు మా ఇళ్లలో. చాలదు. ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలై, బయట సంబంధాలు లేకుండా పెరిగిన సమూహంలో దూరపు సంబంధమైనా భార్యాభర్తలిద్దరిలోనూ అదే జన్యులోపం ఉండొచ్చు, ఇద్దరి నుంచీ అందితే బిడ్డకు ఎంజైమ్ బాగా తగ్గిపోతుంది. ఆ పేపర్ బృందం చూసిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 ఇలాంటివే.

మా సంగతి ఏదో బయటపడింది. మన తీరంలోని యానాదులకు, ప్రకాశం వైపు నల్లమల చెంచులకు ఏ మందు పడదో ఎవరు చూస్తున్నారు? ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఇంకో ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు మలేరియాకు వాడే ప్రైమాక్విన్ ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మన దేశ ప్రజల జన్యువులను చదివే జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు వాళ్లు 10 వేల మంది జన్యువుల వివరాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు, చాలా సంతోషం. కానీ అందులో తేలేది ఆపరేషన్ థియేటర్ దాకా రావాలి, కేస్ షీట్ మీదికి రావాలి.

మా ఎంజైమ్‌కైతే కొత్త పరీక్ష కనిపెట్టక్కర్లేదు, పురుగుల మందు తాగిన కేసు వస్తే రక్తంలో చూసేది దీన్నే. పిన్నికి ఉందంటే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ కనీసం నాలుగో వంతు అవకాశం ఉన్నట్టే. అమ్మకు చేయించాం, తక్కువే వచ్చింది, రిపోర్టు జిరాక్స్ ఆమె పర్సులో పెట్టాను. మామయ్య మాత్రం స్టోన్‌హౌస్‌పేటలో అంగడి వదిలి రావడం లేదు, "నాకేం లేదులే అమ్మాయ్" అంటాడు. ఈ ఆదివారం నేనే వెళ్లి తీసుకెళ్తాను.